పై గుడ్డకు పతకం

సోలాపూర్ భవానీ పేటలో ఫోటో దిగడానికి వచ్చేవాళ్ళు తల దువ్వుకోవడం మరిచిపోవచ్చు గాని, చీర అంచు సర్దుకోవడం మరిచిపోరు. ఆ పేటలో మగ్గం లేని ఇల్లు లేదు. మగ్గం లేకపోతే కండెలు చుట్టే రాట్నమైనా ఉంటుంది. పెళ్ళికూతురి కన్ను ఫోటోలో కాస్త మసకైనా ఎవరూ పట్టించుకోరు. కొంగు మీది పువ్వు మసకైతే మాత్రం మేనమామతో మొదలై వాడకట్టంతా దుకాణం ముందుకొచ్చి నిలబడుతుంది. "పిల్ల మొహం మాకు తెల్వదా? ఇంట్లనే ఉన్నది గద! కొంగు యాడ పోయింది?" అని నిలదీస్తుంది.

సిద్ధరాములు ఫోటో పని నేర్చుకున్నది ఈ తగాదాల్లోనే. అతనికి గురువు లేడు. పుణె నుంచి వచ్చిన ఒక ఫోటోగ్రాఫరు ఊరు కుదరక దుకాణం ఎత్తేసి పోతుంటే, అతని దగ్గర డబ్బా కెమెరా, మూడుకాళ్ళ కొయ్య, నల్లగుడ్డ కొన్నాడు. వాటితో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం ఊరికే వచ్చింది. అది చదవడం అతనికి రాదు. పుస్తకంలో బొమ్మలు చూసి కొంత, గాజు ప్లేట్లు పాడుచేసి చాలా నేర్చుకున్నాడు. సోలాపూర్ ఎండలకు నీళ్ళు వేడెక్కితే ప్లేటు మీది పూత మీగడలా జారిపోతుందని ఆ పుస్తకంలో ఉందో లేదో తెలియదు. అతనికి మాత్రం చేతిలో జారిపోయిన రోజున తెలిసింది. అప్పటినుంచి చీకటిగదిలో కుండలకు తడిగుడ్డ చుట్టి, నీళ్ళు చల్లబడ్డాకే ప్లేటు ముంచేవాడు. ఎవరైనా ఫోటో గురించి కబుర్లు మొదలుపెడితే, "ముందు కడగనియ్యి, తర్వాత మాట్లాడుకుందాం" అనేవాడు. కడగడం పూర్తయ్యేసరికి కబుర్లకు వచ్చినవాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. అతనికి కావలసింది కూడా అదే.

ఈ పని అతని మామ కొమురయ్యకు గిట్టేది కాదు. కొమురయ్యది దాజీ పేట. గుంటమగ్గం మీద చీరలు నేస్తాడు. నేతలో అతనికి మంచి పేరుంది. ఆ పేరును ఊళ్ళో వాళ్ళకంటే అతనే ఎక్కువసార్లు తలుచుకొనేవాడు. కూతురు చంద్రభాగను నేతపని వచ్చిన కుర్రాడనే సిద్ధరాములుకు ఇచ్చాడు. పెళ్ళయిన కొన్నాళ్ళకే అల్లుడు మగ్గం దిగి నల్లగుడ్డ కింద దూరాడు.

పందొమ్మిది వందల ముప్ఫై ఏడో సంవత్సరం వేసవిలో ఒకనాడు కొమురయ్య దుకాణానికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. లోపల సిద్ధరాములు నల్లగుడ్డ కప్పుకొని కెమెరా అద్దం తుడుస్తున్నాడు.

"ఏం అల్లుడా, గా డబ్బల తలకాయ వెట్టి ఏం చూస్తవ్? బయట ఎండ ఉన్నది, లోకమున్నది. గుడ్డ కప్పుకొని చూసేదేంది?"

"తస్వీరు కనవడ్తది మామా."

"తలకిందులు కనవడ్తదంట గద! చంద్రభాగ చెప్పింది. మనుషులను తలకిందులు చూసెటోనికి పిల్లనిచ్చిన. నాది బుద్ధి."

సిద్ధరాములు గుడ్డలోంచి తల బయటపెట్టి నవ్వాడు. కొమురయ్య నవ్వలేదు.

"నేను చీర నేసి బజారుకు వోతే, పది మంది పట్టి చూస్తరు. అంచు గుంజి చూస్తరు, ఎండకు వెట్టి చూస్తరు. బాగున్నదో ఖరాబున్నదో మొహం మీద చెప్తరు. నీ పని పట్టి చూసెటోడు ఎవడున్నడు ఈ పేటల? మొహం తెల్లగున్నదా అని చూస్తరు, తీస్కపోతరు. పట్టి చూసెటోడు లేని పని పనేనా?"

ఈ మాట సిద్ధరాములుకు తగిలింది. తగలడానికి కారణం అది నిజం కావడం. ఇన్నేళ్ళలో అతని ప్రింటును చేతిలోకి తీసుకొని, పని తెలిసి, బాగుంది అనో బాగాలేదు అనో అన్నవాడు ఒక్కడూ లేడు. ఫోటో కాగితాలమ్మే బొంబాయి ఏజెంటు ఆ వారమే వచ్చి పోయాడు. బొంబాయిలో ఫోటో కళాసంఘం ఒకటి ఉందనీ, ఏటా పెద్ద హాలులో ప్రదర్శన పెడుతుందనీ, ఎవరైనా పంపవచ్చనీ చెప్పాడు. సిద్ధరాములు ఆ సంగతి మామకు చెప్పాడు.

"వాళ్ళు పట్టి చూసెటోళ్ళేనా?" అని కొమురయ్య అడిగాడు.

"అదే పని వాళ్ళకు."

"అయితే పంపు. వాళ్ళు బాగున్నదంటె నీ డబ్బ నీది, నేను నోరెత్త. బాగలేదంటె డబ్బ అమ్మి నా ఇంట్ల రెండో మగ్గం మీద కూసో. కూసునెటోడు లేక అది ఖాలీ వడ్డది. ఒకటే మాట, అబద్ధం చెప్పొద్దు."

"చెప్ప మామా."

పంపడానికి సిద్ధరాములు రెండు ఫోటోలు తీసిపెట్టాడు. ఒకటి కొమురయ్యదే. మొహం తీయించుకోవడం ఇష్టంలేక, "చేతులు తీస్కో, మొహం జోలికి రాకు" అని ఎప్పుడో అన్నాడు. పేక పోగును అటూ ఇటూ తీసుకెళ్ళే నాడెలో కండె మార్చే క్షణంలో చేతులు నిలకడగా ఉంటాయి. ఆ క్షణం కోసం ఒక పొద్దంతా కాచుకొని తీసిన ఫోటో అది. మగ్గం మీది గుడ్డలో పడుగు పోగు పోగునా కనబడుతుంది. తీయించుకున్నవాడు మాత్రం దాన్ని ఎప్పుడూ అడిగి చూడలేదు. రెండోది పక్కింటి గోదావరి, రంగువేసిన నూలు చిలపలు దండేనికి ఆరేస్తున్నది.

మూట చంద్రభాగ కట్టింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సోలాపూర్‌లో చీరల మూట కట్టేటప్పుడు అన్నిటికంటే పైన ఒక చెడిపోయిన గుడ్డ పెడతారు. దారిలో మట్టి, తాడు ఒరిపిడి, హమాలీ చెమట, అన్నీ దానికే. మూట విప్పిన బేరగాడు దానివంక చూడకుండానే పక్కకు విసిరి, కింది చీర మీద చేయి వేస్తాడు. దాన్ని పై గుడ్డ అంటారు. ఈ సంగతి తెలియనివాడు బజారులో లేడు కాబట్టి బొంబాయిలో కూడా ఉండడని చంద్రభాగ అనుకుంది.

మూల చూస్తే ఒక పనికిరాని ప్రింటు దొరికింది. వీధిలో పొడుగ్గా పడుగు సాగదీసి ఆడవాళ్ళు గంజి పెడుతున్న ఫోటో అది. పని నేర్చుకునే రోజుల్లో తొందరపడి ప్లేటును వేడినీళ్ళలో కడిగితే పూత జారి, మనుషులూ పడుగూ ఒకదాంట్లో ఒకటి కరిగి, గంజి ఒలికినట్టు తయారైంది. పెద్ద సైజు వేసే సాధనం కుదిరిందో లేదో చూడడానికి సిద్ధరాములు ఆ ప్లేటును పాత కాగితం మీద వేశాడు. సైజు సరిగ్గా సరిపోయింది. చంద్రభాగ దాన్ని పైన పెట్టి, అట్టలు వేసి, తాడు బిగించింది.

"పై గుడ్డ వెట్టినవా?" అని సిద్ధరాములు అడిగాడు.

"పెట్టకుంట కడ్తనా? నేను ఎవరి బిడ్డను!"

కొన్నాళ్ళకు బొంబాయి నుంచి కార్డు వచ్చింది. మీరు పంపిన వాటిలో ఒకటి ప్రదర్శనకు తీసుకున్నాం, ప్రారంభానికి రండి అని. తన ఊహలో సిద్ధరాములు కాసేపు మామ చేతులను గోడ మీద చూసుకున్నాడు. ఆ వెంటనే ఇస్త్రీ చొక్కా కోసం వెతికాడు.

బొంబాయిలో పినతండ్రి కొడుకు పెంటప్ప ఉన్నాడు. పరేల్‌లో మిల్లుపని, కూలీలుండే చాల్‌లో ఒక గది. అన్న ఫోటో పెద్ద హాలులో పెట్టారంటే అతనూ మిల్లుకు సెలవు పెట్టి బయలుదేరాడు. ఇద్దరూ కోటు లేకుండా, టోపీలు పెట్టుకొని వెళ్ళేసరికి, వాకిట్లో జవాను ఆపి, ఫ్రేములు బిగించేవాళ్ళు వెనక వాకిలి నుంచి రావాలని చెప్పాడు. సరే, వెనక వాకిలి నుంచే వెళ్ళారు. ఎటునుంచి వెళ్ళినా హాలు ఒకటే.

హాలు నిండా పెద్దమనుషులు. గోడలకు ఫోటోలు, ఫోటోలకు వీపులు పెట్టి మనుషులు. చేతుల్లో టీ కప్పులు. ఎవరి వీపు ఏ ఫోటోకు ఆనుకుంటే ఆ ఫోటో గురించి వాళ్ళు మాట్లాడుతున్నట్టు కొంతసేపటికి సిద్ధరాములు గ్రహించాడు. అప్పుడప్పుడు ఒకరు వెనక్కి తిరిగి, కళ్ళు సగం మూసి, తల పక్కకు వాల్చి, "ఆహా" అని మళ్ళీ టీ వైపు తిరిగేవారు.

సిద్ధరాములు అలవాటు ప్రకారం ప్రతి ఫోటో దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించి చూశాడు. సరిగ్గా కడగని ప్రింటు వాసన వేస్తుంది. కొన్ని వేశాయి. కొన్ని నిజంగా మంచివి. ఒక ముసలి బెస్తవాడి ఫోటోలో గడ్డం వెంట్రుకల మీద ఉప్పు కూడా కనబడుతోంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. అక్కడ తప్ప హాలులో మరెక్కడా జాగా ఖాళీ లేదు.

"అన్నా, మామ చేతులు ఏ గోడకున్నయే?" అని పెంటప్ప అడిగాడు.

చివరి గోడ దగ్గర అందరికంటే పెద్ద గుంపు ఉంది. సందు చేసుకొని ముందుకు వెళ్ళారు. బంగారు పూత ఫ్రేములో, తెల్లటి అట్ట మధ్య, చంద్రభాగ మూట మీద పెట్టిన పై గుడ్డ ఉంది. కింద చీటీ మీద సిద్ధరాములు పేరు. పేరు పైన ఒక ఇంగ్లీషు ముక్క. పక్కనున్న మరాఠీ ఆయన్ని అడిగితే "కాలనది" అని అర్థం చెప్పాడు.

"ఇదేంది, వరదల కొట్టుకవోయినట్లున్నది?" అన్నాడు పెంటప్ప.

"పై గుడ్డ."

"ఆఁ?"

"మూట మీద వెట్టిన పై గుడ్డరా. ఖరాబైన ప్రింటు. మంచియి లోపలున్నయి. వీళ్ళు పైదే చూసిన్రు."

పెంటప్ప నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఊగాయి. తర్వాత భయం వేసి అన్న చెవిలో అన్నాడు. "ఊకో. చెప్పకు. చెప్పినవంటె మన ఇద్దర్నీ పట్టుకొని పోలీసులకిస్తరు. బస్, నవ్వుకుంట నిలబడు."

ఫోటో పక్కన చుట్ట కాలుస్తున్న ఒక పెద్దమనిషి గుంపుకు వివరిస్తున్నాడు. కళల మీద పత్రికల్లో రాస్తాడట. "చూడండి, ఈ కళాకారుడు మనిషిని చెరిపేశాడు. పనిని చెరిపేశాడు. చివరకు మిగిలింది ప్రవాహమే. ఇంత ధైర్యం మన దేశంలో ఇంతకు ముందు ఎవరూ చేయలేదు."

సిద్ధరాములు ఆగలేకపోయాడు. మరాఠీలో అన్నాడు. "సాహెబ్, ఇది తీసింది నేనే. ధైర్యం కాదు. నీళ్ళు వేడెక్కినయి. పూత కరిగింది."

పెద్దమనిషి చుట్ట తీసి, రెండు చేతులూ చాపి, గుంపు వైపు తిరిగాడు. "విన్నారా? పూత కరిగిందట! మనం గంటసేపు చెప్పేది ఒక్క ముక్కలో చెప్పాడు!" గుంపులో ఒకామె కళ్ళు తుడుచుకుంది. ఇంకో ఆయన ఆ ముక్కను చొక్కా చేతి పట్టీ మీద రాసుకున్నాడు.

సంఘం కార్యదర్శి వచ్చి సిద్ధరాములు చేయి పట్టుకొని పక్కకు లాక్కెళ్ళాడు. ఈ ఏటి పతకం మీదే, సాయంత్రం అందుకోవాలి అన్నాడు. సిద్ధరాములు తన అసలు ఫోటోలు రెండూ ఎక్కడ అని అడిగాడు. పక్కగదిలో, తిప్పి పంపవలసిన వాటి కుప్పలో ఉన్నాయి. కార్యదర్శి వాటిని తీసి చేతికిచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి. నొప్పించకూడదని మెల్లగా చెప్పాడు.

"ఇవి చాలా శుభ్రంగా ఉన్నాయి. అదే వీటి లోపం. అన్నీ కనబడుతున్నాయి. ఏదైనా మిల్లువాళ్ళు చీరల జాబితాలో వేసుకుంటారేమో చూడండి."

"అది సరే సాహెబ్. పని బాగున్నదా, బాగలేదా? ఒక్క మాట చెప్పుండ్రి."

"బాగుందా బాగాలేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు."

"మరి ఏది ప్రశ్న?"

కార్యదర్శి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఇంతలో ఎవరో టీ తెచ్చారు.

బొంబాయి అంటే ఒక్క హాలే కాదు గదా, పట్టి చూసేవాడు ఎక్కడో ఒకడు ఉంటాడని మరునాడు సిద్ధరాములు ఆ రెండు ప్రింట్లూ చంకన పెట్టుకొని కోట అని పిలిచే పేటలో తిరిగాడు. పెంటప్ప వెంట ఉన్నాడు. ఒక చోట నూనెరంగుల బొమ్మలు పెట్టారు. దగ్గరికి పోయి చూడబోతే జవాను, "దూరంగా నిలబడితేనే అర్థమవుతుంది" అని వెనక్కి నెట్టాడు. వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి చివరకు ఇద్దరూ వాకిలి అవతల మెట్ల మీద నిలబడ్డారు. "ఇప్పుడు అర్థమైతున్నదా అన్నా?" అని పెంటప్ప అడిగాడు. ఇంకో చోట దుకాణం లాంటి గ్యాలరీ. యజమాని ప్రింట్లు విప్పకముందే మీ గురువు ఎవరని అడిగాడు. లేరంటే, ఎవరి శిష్యుడో తెలియకుండా బొమ్మ ఎలా చూడాలని బాధపడ్డాడు. మూడో చోట ఫోటోలన్నీ రాజావార్లవి. అక్కడ గుమాస్తా ఒకడు గోదావరి ఫోటోను చూసి, "ఈమె ఏ సంస్థానం?" అన్నాడు. నూలు ఆరేసే సంస్థానం అని పెంటప్ప చెబితే, మర్యాదగా మూసి ఇచ్చాడు.

ఈ తిరుగుడుకు ముందురోజు సాయంత్రమే పతకం సిద్ధరాములు మెడలో పడింది. వద్దనబోతే వినయమన్నారు. గట్టిగా వద్దంటే గొప్ప వినయమన్నారు.

సోలాపూర్ బండిలో కూర్చున్నాక సిద్ధరాములుకు మామ మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనేమిటి, బొంబాయిలో కూడా అది వదలలేదు. బాగుందన్నారా? అన్నారు. అంటే డబ్బా నిలిచినట్టే. అబద్ధం ఆడవలసిన పని కూడా లేదు. "బాగున్నదన్నరు మామా" అంటే చాలు. దేన్ని అన్నారో మామ అడగడు. ఈ మాటను అతను కుర్డువాడి స్టేషను దాకా మనసులో వల్లెవేశాడు. వల్లెవేసిన కొద్దీ నోరు చేదుగా ఉంది. చెడిపోయిన చీరను మంచిదని అంటగట్టే బేరగాడిని పేటలో ఏమంటారో అతనికి తెలుసు.

స్టేషన్‌లో దిగేసరికి బాజా మోగుతోంది. చీరల వ్యాపారి అంబాదాస్ సేఠ్ పూలదండతో నిలబడ్డాడు. మరాఠీ పత్రికలో వార్త వచ్చిందట. ఫోటో కూడా వేశారు. పత్రిక అచ్చులో అది ఇంకాస్త నల్లబడింది. భవానీ పేట వాళ్ళు ఆ కాగితం చుట్టూ చేరి వాదులాడుకుంటున్నారు.

"ఇది భీమా నది వరద."

"వరద కాదే, మా చిన్నవ్వ. గీడ చూడు, వంగి గంజి వెడ్తున్నది."

"మీ చిన్నవ్వ గింత నల్లగున్నదా?"

సేఠ్ దండ వేసి, పెట్టె మీదికెక్కి మాట్లాడాడు. మన పద్మశాలీల పేరు బొంబాయి దాకా పోయిందన్నాడు. కళకు కష్టం తెలియదన్నాడు, కష్టానికి కళ తెలియదన్నాడు, రెండూ ఎందుకన్నాడో చెప్పకుండా దిగాడు. దిగి, సిద్ధరాములును పక్కకు పిలిచాడు. "ఇగో, నన్ను గూడ గట్లనే తియ్యాలె. బొంబాయి లెక్క. మొహం తెల్వద్దు."

"మొహం తెల్వకుంటె నువ్వని ఎట్ల తెలుస్తది సేఠ్?"

"పేరు రాస్తం గదా కింద! పెద్దగ రాద్దాం."

గుంపు వెనక కొమురయ్య ఉన్నాడు, పక్కన చంద్రభాగ. అతను చప్పట్లు కొట్టలేదు. బాజా ఒక పాట అయిపోయి ఇంకో పాట ఎత్తుకొనేలోపల గట్టిగా అడిగాడు.

"అల్లుడా. బాగున్నదన్నరా?"

"పతకం కనవడ్తలేదా కొమురయ్యా?" అన్నాడు సేఠ్.

"నిన్నడుగుత లేను సేఠ్. అల్లున్ని అడుగుతున్న."

సిద్ధరాములు చంద్రభాగ వైపు చూశాడు. ఆమె నవ్వుతూ ఉంది. వల్లెవేసిన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"బాగున్నదన్నరు మామా. గని పై గుడ్డను అన్నరు. మంచియి రెండు లోపల ఉంటె పక్కకు వెట్టిన్రు."

బాజావాళ్ళకు తెలుగు రాదు కాబట్టి వాయించడం మొదలుపెట్టారు. మిగతావాళ్ళు మాత్రం బిగుసుకుపోయారు. అక్కడ ఉన్నవాళ్ళలో మూట కట్టనివాడు లేడు.

"అంటే," అన్నాడు కొమురయ్య నెమ్మదిగా, "మూట విప్పి, పై గుడ్డ తీసి, అదే చీర అనుకొని కట్టుకొని తిరిగిన్రా?"

"తిరిగిన్రు. పతకమిచ్చిన్రు."

ముందు ఒకడు నవ్వాడు. తర్వాత ప్లాట్‌ఫారమంతా నవ్వింది. పత్రిక చేతుల్లోంచి చేతుల్లోకి మారింది. చిన్నవ్వ అన్నవాడు దాన్ని మడిచి దట్టీలో దోపుకున్నాడు. సేఠ్ మాత్రం నవ్వలేదు. "పై గుడ్డ అయితేంది, పతకం పక్కాదే గద" అని అందరితో అంటూ తిరిగాడు. తన ఫోటో సంగతి మాత్రం మార్చుకోలేదు.

ఆ నవ్వు తగ్గాక కొమురయ్య అల్లుడి దగ్గరికి వచ్చాడు. "అబద్ధం చెప్పలేదు. మంచిది. గని ఒప్పందం ఒప్పందమే. మంచిదాన్ని బాగున్నదనలేదు వాళ్ళు. రేపు పొద్దున వచ్చి మగ్గం మీద కూసో."

సిద్ధరాములు తల ఊపాడు. పూలదండ తీసి చేతికి చుట్టుకొని ఇంటికి నడిచాడు.

మరునాడు పొద్దున దాజీ పేటలో మామ ఇంటికి వెళ్ళాడు. వెంట చంద్రభాగ కూడా వచ్చింది. ఆమె చంకలో రెండు అట్టల మధ్య కట్టిన ప్రింట్లు ఉన్నాయి. తండ్రి మగ్గం పక్కన కూర్చొని తాంబూలం నములుతున్నాడు. ఆమె అట్టలను తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

"నాయినా, పై గుడ్డను చీర అన్నోళ్ళు, వాళ్ళ మాట మీద ఈయన పని బంద్ చేస్తవా? ఈ రెండు నువ్వు చూసినవా?"

"నాకేం తెల్సు ఫోటోల సంగతి?"

"గుడ్డ సంగతి తెల్సు గద. ఇది గుడ్డ ఫోటోనే. చూడు."

కొమురయ్య విసుక్కుంటూ పై ప్రింటు తీశాడు. ముందు తిప్పి వెనక చూశాడు. నేసేవాళ్ళంతా గుడ్డకు ముందు వెనకే చూస్తారు. పోగుల ముడులు, తెగిన చోట్లు అక్కడే తెలుస్తాయి. ప్రింటు వెనక తెల్లగా ఉంది.

"వెనకేం లేదే?"

"ఫోటోకు వెనక ఉండది మామా," అన్నాడు సిద్ధరాములు.

"అయితే సగమే పని," అని కొమురయ్య గొణిగి, ప్రింటు పట్టుకొని గడప దాకా వెళ్ళాడు. ఎండకు వాలుగా పెట్టాడు. చేతి దూరంలో పెట్టి చూశాడు. కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. అలవాటుగా బొటనవేలితో కాగితం మీద రుద్దాడు. అతను చూస్తున్నది మనిషిని కాదు, చేతులను కాదు, మగ్గం మీది గుడ్డను. సిద్ధరాములు వచ్చి మామ భుజం మీదుగా తొంగి చూశాడు.

"అంచు గట్టిగున్నది," అన్నాడు కొమురయ్య. "పేక సమంగ దిగింది. బరువు చేయి. ఎవడో పాతోడు నేసిండు, కొత్తోడు కాదు. పోగు పోగు తెలుస్తున్నది, అరె, నూలు మీద నూగు గూడ..." ఆగిపోయాడు. ప్రింటును ఇంకొంచెం ఎండకు తిప్పాడు. "ఆగు. గీడ చూడు. పోగు తప్పింది."

"యాడ?" అన్నాడు సిద్ధరాములు. అతనికీ అప్పటిదాకా తెలియదు.

"గీడ, అంచుకు ఇవతల. పన్నెల ఒక సందుకు పోగు ఎక్కియ్యలే. సన్నగ గీత కనవడ్తలేదా? మొదటినుంచి గట్లనే వస్తున్నది. ఇంత పొడుగు నేసిండు, కండ్లు మూసుకొని నేసిండు! ఎవడీ గాడిది కొడుకు? ఏ పేటోడు?"

చంద్రభాగ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడ వైపు తిరిగింది.

"అడుగుతున్న గద. ఎవడు?"

"చేతులు చూడు మామా," అన్నాడు సిద్ధరాములు.

కొమురయ్య చేతులు చూశాడు. ఫోటోలో కుడిచేతి చూపుడువేలు చివర వంకరగా ఉంది. అతను తన వేలు చూసుకోలేదు, చూసుకోవలసిన పనిలేదు. తాంబూలం నమలడం మాత్రం ఆగింది.

"ఆ చీర యాడికి వోయింది?" అని అడిగాడు.

"సేఠ్ దుకాణానికి. అమ్ముడైపోయింది. ఎవరు ఏం అనలేదు," అంది చంద్రభాగ.

"పదిమంది పట్టి చూసిన్రు," అన్నాడు కొమురయ్య. "ఒక్కనికి కనవడలే. నాకు కనవడలే." మళ్ళీ ప్రింటు వైపు చూశాడు. దానిమీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు గాని, పని తెలిసినవాడు కాబట్టి చేతకాలేదు. రెండు అట్టల మధ్య దాన్ని జాగ్రత్తగా పెట్టి, తాడు తనే కట్టి, అల్లుడి చేతికిచ్చాడు.

"డబ్బ అమ్మకు."

సిద్ధరాములు కదల్లేదు. "అంటే, మామా, బాగున్నట్టేనా?"

"బాగున్నది గనకనే చెప్తున్న. ఈ పేటల ఎవ్వనికి చూపియ్యకు."

"ముందు అన్నది మళ్ళొక్కసారి అను మామా."

"ఏది?"

"చూపియ్యకు అన్న దానికి ముందుది."

"చెవుల దూది వెట్టుకున్నవా? పో, నీ దుకాణం తెరుచుకో పో!" అని కొమురయ్య కసిరాడు. మగ్గం గుంటలోకి దిగి, పడుగు పోగులు దూర్చిన దువ్వెన లాంటి పన్నెకు మొహం ఆనించి, ఒక కొసనుంచి పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.